పిల్లల ఒంటిపై ఆగకుండా లేచే నీటి బొబ్బలు: లీనియర్ ఐజీఏ జబ్బు గురించి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మూడు నాలుగేళ్ల పిల్లవాడి తొడల మీద నీటి బొబ్బలు లేస్తాయి. వారం రోజులు మందు వాడితే తగ్గినట్టే తగ్గి, ఆ పక్కనే మళ్లీ లేస్తాయి. ఇలా నెలల తరబడి తిరిగి తిరిగి చర్మవైద్యుల దగ్గరికి చేరే పిల్లల్లో కొద్దిమందికి ఉండేది ఈ జబ్బు. చర్మవైద్యుడిగా ఆ కుటుంబాలు నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఉంచి జవాబులు రాస్తున్నాను. మందుల మోతాదులు చెప్పిన చోట అవి మీ అవగాహన కోసమే. మీ బిడ్డకు ఎంత ఇవ్వాలన్నది బిడ్డను చూస్తున్న వైద్యులే తేల్చాలి.

ఒక్కో కాగితం మీద ఒక్కో పేరు రాశారు. అసలు ఈ జబ్బు పేరేమిటి?

లీనియర్ ఐజీఏ బుల్లస్ డెర్మటోసిస్ అన్నా, క్రానిక్ బుల్లస్ డిసీజ్ ఆఫ్ చైల్డ్‌హుడ్ అన్నా పిల్లల విషయంలో ఒకటే జబ్బు. రెండో పేరు పాతది. పిల్లల్లో చాలాకాలం ఉండే బొబ్బల జబ్బు అని మాత్రమే దాని అర్థం. మొదటి పేరు జబ్బు అసలు రూపాన్ని చెబుతుంది. ఐజీఏ అనేది మన ఒంట్లో సహజంగా ఉండే ఒక రకం ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ. ఈ జబ్బున్న బిడ్డ చర్మాన్ని ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని కింద చూస్తే, పైపొరకూ లోపలి పొరకూ మధ్య ఆ ఐజీఏ సన్నని గీత గీసినట్టుగా పేరుకుని కనిపిస్తుంది. ఆ గీతను బట్టే లీనియర్ అన్న మాట వచ్చింది. పిల్లల్లోని ఈ బొబ్బలకూ ఆ గీతకూ ఉన్న సంబంధాన్ని 1979లో పోలండ్‌కు చెందిన చోర్జెల్‌స్కీ, యబ్లోన్‌స్కా అనే వైద్యులు స్పష్టంగా వివరించారు. అంతకు ముందు ఇలాంటి పిల్లలను చూడడానికి ఒకేలా ఉండే వేరే జబ్బుల కిందే లెక్కవేసేవారు.

ఒంట్లో ఏం జరిగి బొబ్బ లేస్తుంది?

గోడకు పూసిన పూత గోడను పట్టుకుని ఉన్నట్టే చర్మం పైపొర లోపలి పొరను పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు కోసం రెండు పొరల మధ్య మేకుల్లాంటి మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు కొలాజెన్ 17. శత్రువుల మీదికి పోవలసిన ఐజీఏ ప్రతిరక్షకాలు ఈ జబ్బులో పొరపాటున ఆ కొలాజెన్ 17 నుంచి వచ్చే భాగాల మీదికి పోతాయి. అవి అక్కడ చేరగానే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి, సూక్ష్మక్రిములను చంపడానికి దాచుకున్న రసాయనాలను అక్కడే వదులుతాయి. గోడకు చెమ్మ పట్టినప్పుడు పూత ఎలా ఉబ్బి లేస్తుందో అలా పైపొర లేచి, ఆ సందులో నీరు చేరుతుంది. పైపొర మొత్తంగా లేస్తుంది కాబట్టి ఈ బొబ్బలు బిగువుగా ఉంటాయి, ముట్టుకోగానే చితికిపోవు.

న్యూట్రోఫిల్స్ పాత్రను గుర్తుపెట్టుకోండి. ఇచ్చే మందు పనిచేసేది వాటి మీదే.

చూడగానే గుర్తుపట్టే లక్షణాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. చాలావరకు ఐదేళ్లలోపు పిల్లల్లో మొదలవుతుంది. పొత్తికడుపు, గజ్జలు, తొడల లోపలి వైపు, పిర్రలు, మర్మావయవాల చుట్టుపక్కల ముందుగా లేస్తాయి. నోటి చుట్టూ, కనురెప్పల మీద, చేతులకూ పాదాలకూ కూడా రావచ్చు. కొందరికి విపరీతమైన దురద ఉంటుంది, కొందరికి దాదాపు ఉండదు. కాబట్టి దురద లేదు గనుక ఇది కాదు అనుకోవడానికి వీల్లేదు.

అన్నిటికన్నా గుర్తుగా నిలిచేది బొబ్బలు అమరే తీరు. పాత బొబ్బ చితికి, ఎండి, మధ్యలో పక్కు కడుతుంది. దాని అంచు చుట్టూ వరుసగా కొత్త బొబ్బలు లేస్తాయి. చిన్న గాజు చుట్టూ పూసలు గుచ్చినట్టుంటుంది ఆ వలయం. వైద్య పుస్తకాలు దీన్ని ముత్యాల దండతో పోలుస్తాయి. ఒక తల్లి ఫోనులో పది రోజుల ఫొటోలు వరుసగా చూపించింది. మొదటి రోజు తొడమీద సెనగగింజంత ఒకే బొబ్బ, నాలుగో రోజుకు మధ్యలో పక్కు, ఆరో రోజుకు దాని చుట్టూ ఏడు చిన్న బొబ్బలు. నేను గదిలో బిడ్డను చూసేసరికి అవన్నీ గీరుకుపోయి, పుండ్లు మాత్రమే మిగిలాయి. ఆ రోజు నాకు దారి చూపింది ఆ ఫొటోలే. అందుకే మీరూ బొబ్బ లేచిన రోజునే వెలుతురులో ఫొటో తీసి, తేదీతో సహా దాచండి.

పెద్దవాళ్లు సర్పి అంటున్నారు, ఇంకొకరు అమ్మవారు అంటున్నారు. వైద్యులు చీము పొక్కులన్నారు. ఇంతమంది ఎలా పొరబడ్డారు?

వారిని తప్పు పట్టలేం. పిల్లల ఒంటిమీద నీటి బొబ్బలు చూసినప్పుడు ఎవరికైనా ముందు తట్టేవి సాధారణంగా వచ్చే జబ్బులే. బ్యాక్టీరియా వల్ల వచ్చే బుల్లస్ ఇంపెటైగో, అంటే చీము పొక్కులు, ఇదే వయసులో, ఇవే చోట్ల వస్తుంది. ఆటలమ్మ, సర్పి, గజ్జి, పురుగు కుట్టినప్పుడు వచ్చే బొబ్బలు కూడా కొన్నాళ్లపాటు ఇలాగే కనిపిస్తాయి. తేడా కాలమే చెబుతుంది. చీము పొక్కులు సరైన యాంటీబయాటిక్‌తో వారం పది రోజుల్లో మానాలి. ఆటలమ్మ రెండు మూడు వారాల్లో పక్కులు రాలి వెళ్లిపోతుంది. సర్పి సాధారణంగా ఒంటికి ఒక వైపున, ఒక పట్టీలా వచ్చి తగ్గుతుంది. బొబ్బలు మూడు నాలుగు వారాలు దాటినా కొత్తగా లేస్తూనే ఉంటే, లేదా రెండో విడత యాంటీబయాటిక్ తర్వాత కూడా తిరిగి వస్తే, అదే మందును మూడోసారి రాయించుకోకుండా చర్మవైద్యులను కలవాలి.

ఒక చిక్కు కూడా ఉంది. ఎరిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ జబ్బును కూడా కొంతమేర చల్లబరుస్తాయి. వాడినన్నాళ్లు తగ్గి, ఆపగానే తిరగబెడుతుంది. దాంతో ఇది సూక్ష్మక్రిముల జబ్బే అన్న నమ్మకం ఇంకా బలపడుతుంది.

పుట్టుకతోనే, లేదా పుట్టిన కొద్ది రోజులకే, ఒరుసుకున్న చోటల్లా చర్మం లేచిపోయే పిల్లలకు ఉండేది ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అనే జన్యుపరమైన జబ్బు. అది వేరు, దాని వైద్యమూ వేరు.

ఇది అంటుకుంటుందా?

అంటుకోదు. బొబ్బలోని నీరు తగిలినా, ఒకే పక్కలో పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. చితికిన బొబ్బ మీద బయటి బ్యాక్టీరియా చేరి చీము పడితే, ఆ చీముతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

మా వంశంలో ఎవరికీ లేదు. మేం చేసిన పొరపాటు వల్ల వచ్చిందా?

కాదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్నది, తిననిది, గ్రహణం, దిష్టి, ఇంట్లో శుభ్రత, ఇవేవీ దీనికి కారణం కావు. ఈ మాట నేను ప్రతి తల్లికీ విడిగా చెబుతాను, ఎందుకంటే అత్తవారింట్లోనూ పుట్టింట్లోనూ నింద మొదట పడేది ఆమె మీదే. నేరుగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జబ్బు కాదిది. తోబుట్టువులకు వస్తుందని భయపడవలసిన అవసరమూ లేదు.

కొందరిలో ఏదో ఒక ఇన్ఫెక్షన్ తర్వాత మొదలవుతుంది. కొందరిలో మందు వల్ల వస్తుంది. పెద్దవారిలో వాంకోమైసిన్ అనే ఇంజెక్షన్ ఇందుకు బాగా పేరుబడింది. పిల్లల్లో కొన్ని యాంటీబయాటిక్‌లు, నొప్పి మాత్రల తర్వాత వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. కాబట్టి బొబ్బలు మొదలవడానికి ముందు నెల రోజుల్లో బిడ్డకు వేసిన ప్రతి మందు పేరూ, సిరప్ సీసాలతో సహా, వైద్యులకు చూపించండి. చాలామంది పిల్లల్లో ఏ కారణమూ దొరకదు.

చర్మం ముక్క (బయాప్సీ) ఒకటి తీస్తే చాలదా? రెండు ఎందుకు అడుగుతున్నారు?

ఈ పేజీ మొత్తంలో తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన జవాబు ఇదే.

మొదటి ముక్కను తాజా బొబ్బ అంచు నుంచి తీసి ఫార్మలిన్ అనే ద్రవంలో వేస్తారు. దాన్ని మామూలు సూక్ష్మదర్శినిలో చూస్తే, బొబ్బ పైపొర కిందే ఏర్పడిందనీ, అక్కడ న్యూట్రోఫిల్స్ వరుసగా చేరాయనీ తెలుస్తుంది. అయితే గోధుమల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తితో ముడిపడిన డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అనే మరో బొబ్బల జబ్బులో కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు. ఈ రెంటినీ విడదీయడం ఆ ముక్క వల్ల కాదు.

అందుకే రెండో ముక్క. దాన్ని బొబ్బ మీద నుంచి కాకుండా, బొబ్బకు ఒక సెంటీమీటరులోపు ఉన్న, చూడడానికి మామూలుగా కనిపించే చర్మం నుంచి తీస్తారు. బొబ్బ లేచిన చోట న్యూట్రోఫిల్స్ చేసిన విధ్వంసంలో మనకు కావలసిన ఐజీఏ గీత చెదిరిపోయి ఉండవచ్చు, పక్కన అది చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ ముక్క మీద డైరెక్ట్ ఇమ్యూనోఫ్లోరసెన్స్ అనే పరీక్ష చేస్తారు. ఐజీఏకు అతుక్కునే, ప్రత్యేకమైన కాంతిలో ఆకుపచ్చగా మెరిసే రంగును వేసి చూస్తే, లీనియర్ ఐజీఏ జబ్బులో సన్నని ఆకుపచ్చ గీత ఒక చివరి నుంచి మరో చివరి దాకా తళుక్కుమంటుంది. డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్‌లో గీతకు బదులు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. జబ్బు పేరు ఖాయమయ్యేది ఇక్కడే.

ఆ రెండో ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు. వేస్తే పరీక్షకు పనికిరాకుండా పోతుంది. మిషెల్స్ మీడియం అనే ప్రత్యేక ద్రవంలో పంపాలి. అది దొరకనప్పుడు మామూలు సెలైన్‌లో వేసి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. ఒక పాప రెండో ముక్కను వేరే ఊళ్లో ఎవరో అలవాటు ప్రకారం ఫార్మలిన్ సీసాలోనే వేసి పంపడంతో, ఆ పాపకు మళ్లీ మత్తు సూది వేసి మళ్లీ ముక్క తీయవలసి వచ్చింది. మూడేళ్ల పాప ఆ రోజు నా చేతిని గట్టిగా తోసేసిన తోపు ఇప్పటికీ మరచిపోలేదు. కనుక ముక్క తీసే ముందు మీరే మర్యాదగా ఒక్క మాట అడగండి: “డాక్టర్ గారూ, ఇమ్యూనోఫ్లోరసెన్స్ ముక్కకు వేరే ద్రవం ఉందా? ఏ ల్యాబుకు పంపుతున్నారు?” ఈ పరీక్ష ప్రతి ఊళ్లో ఉండదు. బోధనాసుపత్రులు, పెద్ద నగరాల్లోని ల్యాబులు చేస్తాయి. చిన్న ఊళ్లో ముక్క తీయించి రోజుల తరబడి దారిలో ఉంచడం కన్నా, బిడ్డనే ఆ ఊరికి తీసుకెళ్లి అక్కడ తీయించడం మేలు.

ముక్క తీసే చోటు తిమ్మిరెక్కడానికి ముందుగా సూది వేస్తారు, ఆ సూదే కాస్త నొప్పి. తీసే ముక్క మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, ఒకటి రెండు కుట్లు పడతాయి.

రక్తపరీక్షతో తేలదా?

కొందరు పిల్లల రక్తంలో ఈ ప్రతిరక్షకాలు దొరుకుతాయి, కొందరిలో ఉన్నా దొరకనంత తక్కువగా ఉంటాయి. రక్తంలో లేదన్నంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం.

డాప్సోన్ రాశారు. మందుల షాపులో అది కుష్ఠు మాత్ర అన్నారు. మా బాబుకు కుష్ఠు ఉందా?

లేదు. ఈ ప్రశ్న అడిగేటప్పుడు తల్లిదండ్రుల గొంతు ఎలా మారిపోతుందో నేను చాలాసార్లు విన్నాను, అందుకే దీనికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

డాప్సోన్‌ను రసాయనంగా మొదట తయారుచేసింది 1908లో. కుష్ఠు చికిత్సలోకి వచ్చింది 1940ల్లో. మన దేశంలో కుష్ఠుకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బహుళ ఔషధ చికిత్సలో రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్‌లతో పాటు ఇదీ ఒకటి. అందుకే మన ఊళ్లలో ఆ మాత్ర పేరు వినగానే కుష్ఠు గుర్తొస్తుంది. కానీ ఆ మాత్రకు రెండు వేర్వేరు పనులున్నాయి. కుష్ఠులో అది బ్యాక్టీరియా పెరగకుండా ఆపుతుంది. లీనియర్ ఐజీఏలో బ్యాక్టీరియాయే లేదు. ఇక్కడ అది న్యూట్రోఫిల్స్‌ను అదుపు చేస్తుంది, అవి చర్మంలోకి గుంపుగా చేరడాన్నీ, అక్కడ వదిలే రసాయనాల ధాటినీ తగ్గిస్తుంది. ప్రతిరక్షకాలు అక్కడే ఉన్నా, వాటి పిలుపుకు పలికేవారు లేకపోతే బొబ్బ లేవదు.

ఫలితం కూడా అంత త్వరగానే కనిపిస్తుంది. మోతాదు సరిపోయిన పిల్లల్లో రెండు మూడు రోజుల్లోనే దురద తగ్గి, కొత్త బొబ్బలు తగ్గుముఖం పడతాయి. రాత్రంతా గీరుకుంటూ ఏడ్చిన బిడ్డ ఒళ్లెరగకుండా నిద్రపోయిందని చెప్పే ఫోను నాకు ఈ వృత్తిలో దక్కే సంతోషాల్లో ఒకటి. చుట్టుపక్కల వారికి మాత్ర పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఎవరో ఏదో అన్నారని మాత్రను మధ్యలో ఆపకండి. నిజానికి కుష్ఠు కూడా మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బే, ఆ పేరుకు ఇంత భయపడవలసిన కాలం ఎప్పుడో పోయింది.

మోతాదు ఎంత? మాత్రను ఇంట్లో విరిచి ఇవ్వవచ్చా?

సాధారణంగా రోజుకు బిడ్డ బరువులో ప్రతి కిలోకు 0.5 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. కిలోకు 2 మిల్లీగ్రాములు దాటించడం అరుదు. 14 కిలోల బిడ్డకు మొదటి మోతాదు 7 మిల్లీగ్రాములే అవుతుంది. షాపుల్లో ఎక్కువగా దొరికేది 100 మిల్లీగ్రాముల మాత్ర. దాన్ని చాకుతో అంచనాగా ముక్కలు చేయడం ప్రమాదం. తక్కువ మోతాదు మాత్రలు తెప్పించడమో, పొడి చేసి పొట్లాలు కట్టించడమో, ఏది ఎలా అన్నది వైద్యులతోనూ ఫార్మసిస్టుతోనూ ముందే మాట్లాడుకోండి. సీసాను అలమరలో పైన పెట్టండి. ఇంట్లో మరో పసిబిడ్డ ఉంటే నాలుగు మాత్రలు మింగినా ప్రాణం మీదికి వస్తుంది.

జీ6పీడీ పరీక్ష రాకముందే మందు మొదలుపెట్టవచ్చా? బొబ్బలు చూడలేకపోతున్నాం.

మీ బాధ అర్థమవుతుంది, కానీ ఆ పరీక్ష రాకుండా మొదలుపెట్టకూడదు. జీ6పీడీ ఎర్రరక్తకణాలను కాపాడే ఒక ఎంజైము. కొందరికి పుట్టుకతోనే అది తక్కువగా ఉంటుంది. తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది, ఆడపిల్లల్లోనూ కొంత లోపం ఉండవచ్చు. అలాంటి బిడ్డకు డాప్సోన్ ఇస్తే ఎర్రరక్తకణాలు ఒక్కసారిగా చితికిపోతాయి. ఇటీవల రక్తం ఎక్కించినా, రక్తకణాలు చితికి కొత్తవి పుడుతున్న సమయంలో చేసినా ఈ పరీక్ష లోపం ఉన్నా లేనట్టు చూపవచ్చు, ఆ సంగతి వైద్యులకు చెప్పాలి.

లోపం బయటపడితే ఆ కాగితం జీవితాంతం దాచవలసిందే. కొన్ని మలేరియా మందులు, సల్ఫా మందులు మాత్రమే కాదు, బట్టల్లో వేసే నాఫ్తలీన్ కలరా ఉండలు కూడా అలాంటి పిల్లలకు చేటు చేస్తాయి. పసిబిడ్డ దుప్పట్లున్న పెట్టెలో వాటిని వేయకండి.

మాత్ర మొదలుపెట్టాక ఇంట్లో ఏం గమనించాలి?

డాప్సోన్ వాడే ప్రతి ఒక్కరిలోనూ కొద్దిగా రక్తం తగ్గుతుంది. హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు దిగడం ఊహించినదే. మన పిల్లల్లో రక్తహీనత ముందే ఎక్కువ కాబట్టి, ఎక్కడి నుంచి దిగుతోందన్నది ముఖ్యం. మొదటి నెల దాదాపు వారానికోసారి, ఆ తర్వాత ఎడం పెంచుతూ రక్తపరీక్షలు, మధ్యమధ్య కాలేయ పరీక్ష చేయిస్తారు. బొబ్బలు తగ్గాయి కదా అని ఈ పరీక్షలు మానేసే కుటుంబాలను చూసినప్పుడే నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలుగుతుంది.

మూత్రం టీ డికాషన్ రంగులోకి మారడం, కళ్లు పచ్చబడడం, బిడ్డ పాలిపోయి ఆయాసపడడం రక్తకణాలు చితుకుతున్న లక్షణాలు. జ్వరంతో గొంతునొప్పి వస్తే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయాయేమో చూడాలి. అలాంటప్పుడు మామూలు జలుబే అనుకుని ఇంట్లో ఉండకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. మొదలుపెట్టిన తర్వాత నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, ముఖం వాపు, మెడ దగ్గర గడ్డలు కలిసి వస్తే అది డాప్సోన్ ఒంటికి పడకపోవడం. కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి తర్వాతి మోతాదు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెదవులు, గోళ్లు నీలంగా మారితే రక్తంలో మెథహిమోగ్లోబిన్, అంటే ఆక్సిజన్‌ను మోయలేని హిమోగ్లోబిన్, పెరిగిందని అర్థం. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. డాప్సోన్ వాడుతున్న బిడ్డ వేలికి అది పెడితే అంకె మామూలుకన్నా తక్కువగా చూపవచ్చు, మెథహిమోగ్లోబిన్ బాగా పెరిగితే 85 దగ్గర ఆగిపోతుంది. ఊపిరితిత్తులు పాడయ్యాయని కంగారుపడవద్దు. అలాగని మిషను తప్పు చూపిస్తోందని వదిలేయనూ వద్దు. రంగు మారినా, బిడ్డ మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లి, డాప్సోన్ వాడుతున్నామని మొదటి మాటగా చెప్పండి.

డాప్సోన్ పడకపోతే, లేదా జీ6పీడీ లోపం ఉంటే వేరే దారి లేదా?

ఉంది. కోల్చిసిన్, ఎరిత్రోమైసిన్, బ్రిటన్ వంటి చోట్ల ఫ్లూక్లాక్సాసిలిన్ వాడుతుంటారు. సల్ఫా జాతి మందులు కూడా పనిచేస్తాయి, అయితే వాటికీ జీ6పీడీ జాగ్రత్త తప్పదు. పెద్దవారికిచ్చే టెట్రాసైక్లిన్‌లను 8 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వరు, పళ్ల రంగు శాశ్వతంగా మారిపోతుంది. జబ్బు మొండిగా ఉన్న కొద్దిమందికి రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మైకోఫెనొలేట్, నరంలోకి ఎక్కించే ప్రతిరక్షకాల మందు ఐవీఐజీ దాకా వెళ్లవలసి రావచ్చు.

స్టెరాయిడ్ ఇచ్చారు. పిల్లలకు అది మంచిది కాదంటారు కదా?

జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, డాప్సోన్ మోతాదు పుంజుకునే దాకా కొన్ని వారాలపాటు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం తప్పు కాదు. నెలల తరబడి దాని మీదే నడపడం మాత్రం సరికాదు: ఎదుగుదల మందగిస్తుంది, ముఖం ఉబ్బుతుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, వైద్యులు చెప్పినట్టు మెట్లు మెట్లుగా తగ్గించాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో బొబ్బలు తాత్కాలికంగా మాయమై, బయాప్సీకి చోటు దొరక్క జబ్బు పేరు తేలడం ఆలస్యమవుతుంది.

బొబ్బలను చిదమాలా, వదిలేయాలా? స్నానం చేయించవచ్చా?

చిన్న బొబ్బలను ముట్టుకోకండి. బిగుసుకుని నొప్పి పెట్టే పెద్ద బొబ్బను నర్సు శుభ్రమైన సూదితో అంచు దగ్గర గుచ్చి నీరు తీసేస్తారు, పైపొరను మాత్రం అలాగే ఉంచుతారు. ఆ పైపొరే పుండుకు దేవుడిచ్చిన కట్టు. దాన్ని ఊడదీయకూడదు.

రోజూ గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించండి. సున్నిపిండి, పీచుతో రుద్దడం మానాలి. తువ్వాలుతో తుడవకుండా అద్దాలి. చితికిన చోట వ్యాజిలీన్ రాసి, పుండుకు అతుక్కోని గాజ్ గుడ్డతో కట్టు వేయాలి. దూదిని నేరుగా పెడితే పుండుకు పట్టుకుని, తీసేటప్పుడు కొత్త చర్మాన్నీ లాగేస్తుంది. పసర్లు, ఎర్రమట్టి, పసుపు ముద్ద, బూడిద, టూత్‌పేస్టు వద్దు. వేపాకులు వేసి కాచిన నీళ్లు పోయాలన్న పట్టుదల ఇంట్లో ఉంటే నేను వాదించను, పచ్చి పుండు మీద ఆకులు నూరి పూయకపోతే చాలు.

పక్కబట్ట పుండుకు అతుక్కుని ఏడ్చే పిల్లలకు అరటి ఆకు గొప్ప ఉపశమనం. కాలిన గాయాల వార్డుల్లో మన దేశంలో దీన్ని కట్టుగా వాడిన అనుభవం ఉంది, అక్కడ ఆకును క్రిమిరహితం చేసి వాడతారు. ఇంట్లో కట్టుగా కాకుండా, లేత ఆకును బాగా కడిగి ఆరబెట్టి, ఈనె తీసేసి పక్కమీద పరిస్తే ఒంటికి చల్లగా ఉంటుంది, పుండుకు అంటుకోదు.

నడుముకు ఎలాస్టిక్ బిగువుగా ఉండే చెడ్డీలు, డైపర్లు ఒరుసుకునే చోటే ఈ బొబ్బలు ఎక్కువ. వదులు నూలు లాగు, తోలు కుట్లు లేని చెప్పులు, కత్తిరించిన గోళ్లు అవసరం. మొలతాడు కూడా కొన్నాళ్లు తీసేయండి.

నోరు పూసింది, కన్ను ఎర్రబడింది. ఇవీ దీనివల్లేనా?

అయి ఉండవచ్చు. నోట్లో, మర్మావయవాల దగ్గర, కళ్లలో కూడా ఈ జబ్బు వస్తుంది. నోటిపూత సాధారణంగా మందుతోనే మానుతుంది. కంటిని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఎరుపు, ఇసుక పడ్డట్టు గరగర, వెలుతురు చూడలేకపోవడం ఉంటే వారంలోపు కంటివైద్యులకు చూపించాలి. లోపలి పొర మచ్చకట్టి రెప్ప కనుగుడ్డుకు అతుక్కునే ప్రమాదం ఉంది, అలా కట్టిన మచ్చ వెనక్కి పోదు. షాపులో అడిగి చుక్కల మందు వేయకండి.

పథ్యం ఏమిటి? వంకాయ, గోంగూర, గుడ్డు, చేప మానేయాలా? గోధుమ రొట్టె పెట్టవచ్చా?

ఏదీ మానక్కరలేదు. గోధుమలు మానవలసింది డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్‌లో. లీనియర్ ఐజీఏకు గ్లూటెన్‌తో సంబంధం లేదు. ఆ రెంటినీ విడదీయడానికే కదా రెండో ముక్క తీసింది! బొబ్బల ద్వారా ఒంట్లోని మాంసకృత్తులు పోతున్న బిడ్డకు గుడ్డు, పప్పు, చేప మాన్పించడం పుండు మానడాన్ని ఆలస్యం చేయడమే. నోరు పూసినన్నాళ్లు కారం, పులుపు తగ్గించి పెరుగన్నం, చల్లార్చిన రాగి జావ, మెత్తటి పప్పన్నం పెట్టండి.

విరేచనంలో రక్తం పడుతూ ఉంటే మాత్రం చెప్పాలి. పేగుల వాపు జబ్బు దీనితో కలిసి రావడం అరుదుగా, ఎక్కువగా పెద్దవారిలో, కనిపిస్తుంది.

టీకాలు, పోలియో చుక్కలు వేయించవచ్చా?

డాప్సోన్ ఒక్కటే వాడుతుంటే టీకాలు ఆపనవసరం లేదు. ఎక్కువ మోతాదు ప్రెడ్నిసలోన్‌ను రెండు వారాలు, అంతకు మించి వాడిన పిల్లలకు, ఆపిన తర్వాత కనీసం ఒక నెల దాకా ఎంఆర్ (తట్టు, రుబెల్లా), ఆటలమ్మ, పోలియో చుక్కల వంటి బతికున్న క్రిములతో చేసిన టీకాలు వాయిదా వేస్తారు. పల్స్ పోలియో రోజున ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు ఈ సంగతి చెప్పి, ముందుగా వైద్యులను అడిగి నిర్ణయించుకోండి.

బడికి పంపవచ్చా?

పంపండి. అంటుకోదని వైద్యుల చేత తెలుగులో ఒక ఉత్తరం రాయించి, అంగన్‌వాడీ టీచరుకో బడి పంతులుగారికో ఇవ్వండి. చితికిన బొబ్బలు ఎక్కువగా ఉన్న కొన్ని రోజులు ఇంట్లో ఉంచితే చాలు. అద్దంలో తన ముఖం మీది పుండ్లు చూసుకుని బడికి రానని మొండికేసే పిల్లలున్నారు. “ఇది నీ తప్పు కాదు, తగ్గిపోతుంది” అన్న మాట నాలుగేళ్ల బిడ్డకు కూడా అర్థమవుతుంది, చెప్పండి.

ఎన్నాళ్లు ఉంటుంది? మచ్చలు పడతాయా?

ఎక్కువమంది పిల్లల్లో రెండు నుంచి ఐదేళ్లలో తగ్గిపోతుంది, యుక్తవయసు వచ్చేసరికి దాదాపుగా వదిలేస్తుంది. కొద్దిమందిలో మాత్రం ఆ తర్వాతా కొనసాగుతుంది. మధ్యలో జలుబో జ్వరమో వచ్చినప్పుడు నాలుగు బొబ్బలు లేవడం మామూలే.

బొబ్బ చర్మం పైభాగంలోనే ఏర్పడుతుంది కాబట్టి, గీరుకుని చీము పట్టకపోతే గుంటలు పడవు. మానిన చోట మన చర్మపు రంగులో నల్లటి మచ్చో, తెల్లటి మచ్చో నెలల తరబడి ఉండి మెల్లగా కలిసిపోతుంది. తెల్లటి మచ్చను చూసి బొల్లి అనుకోకండి. రంగు పోగొట్టే క్రీములేవీ రాయకండి.

మాత్ర ఎప్పుడు ఆపుతారు?

కొన్ని నెలలపాటు ఒక్క కొత్త బొబ్బ కూడా లేవనప్పుడు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ చూస్తారు. తగ్గించిన రెండు వారాల్లో మళ్లీ లేస్తే, ఇంకా సమయం రాలేదని అర్థం. పాత మోతాదుకు వెళ్లి, ఆరు నెలల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తారు. మందు ఓడిపోయిందని కాదు.

ఊరు మారినా, వేరే దేశం వెళ్లినా ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలి?

రెండు బయాప్సీ రిపోర్టులు, ముఖ్యంగా ఇమ్యూనోఫ్లోరసెన్స్‌ది. జీ6పీడీ ఫలితం. డాప్సోన్ మొదలుపెట్టిన తేదీ, పెంచిన తగ్గించిన తేదీలు, ఆ రోజుల్లో బిడ్డ బరువు. ప్రతి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్, తెల్లకణాల అంకెలు వరుసగా ఒక నోటు పుస్తకంలో. పడని మందుల పేర్లు. బెంగళూరుకో, డల్లాస్‌కో మారిన కుటుంబాలు ఈ కాగితాలు లేక మళ్లీ బయాప్సీ దగ్గర మొదలుపెట్టవలసి వస్తుంది. ఫార్మలిన్‌లో నిలవ చేసిన మొదటి ముక్క మైనపు దిమ్మను, దాని గాజు పలకలను కూడా ల్యాబు వారిని అడిగి తీసుకోవచ్చు. ఫోనులో ఫొటో తీసుకుంటే చాలదు, అసలు కాగితాలను ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, ప్రయాణంలో చేతిసంచిలోనే పెట్టుకోండి.